షరఫియాలో వానల కబుర్లు

నవంబరు వచ్చింది. జెడ్డాలోని షరఫియా పేటలో సాయంత్రాలు కాస్త చల్లబడ్డాయి, జనం మళ్లీ రోడ్డెక్కారు. శుక్రవారం మలయాళీ హోటళ్ల ముందు టీ తాగుతూ నిలబడే మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లందరిదీ ఒకటే మాట: ఈసారి వాన ఎలా ఉంటుందో?

అడగాల్సిన మాటే. జెడ్డాలో ఏడాదంతా కలిపి పడేది ఐదారు సెంటీమీటర్లే, కానీ పడితే ఒక్కపూటలో పడుతుంది. తూర్పున కొండలు, పడమట ఎర్ర సముద్రం. కొండ మీద కురిసిన నీళ్లు వాదీల (ఎండు వాగుల) వెంట ఊళ్లోంచే సముద్రానికి పోవాలి. 2009 నవంబరు 25న, హజ్ మొదలైన రోజే, వరదకు వందమందికి పైగా పోయారు. 2022 నవంబరు 24న దక్షిణ జెడ్డాలో 179 మిల్లీమీటర్లు కురిసింది. 2009 కంటే ఎక్కువే. అయినా ప్రాణాలు పోయింది ఇద్దరివి. ఈ రెండు వరదల మధ్యకాలంలో కట్టిన ఆనకట్టలు, కాలువలు పనిచేశాయి. హెచ్చరికలు అందాయి, బడులు మూశారు, మక్కా రోడ్డు ఆపారు.

అందుకే వాట్సాప్‌లో తిరిగే ప్రతి కబురునూ 'ప్రిడిక్షన్' అని ఒకే గాటన కట్టేస్తే నాకు బాధగా ఉంటుంది. ప్రిడిక్షన్ చాలా పెద్ద సంచి. క్రికెట్ మ్యాచ్ ఎవరు గెలుస్తారన్న ఊహా అందులోదే, గ్రహణం లెక్కా అందులోదే. 2027 ఆగస్టు 2న జెడ్డాలో సంపూర్ణ సూర్యగ్రహణం, దాదాపు ఆరు నిమిషాలు పట్టపగలు చీకటి. అందులో అనుమానం లేదు. ఫోర్‌కాస్ట్ అలా కాదు. ఉపగ్రహాలు, రాడార్లు చూసి, ఎంత అవకాశం ఉందో కూడా కలిపి చెప్పేది. గంటగంటకూ మారుతుంది, మారడం దాని తప్పు కాదు. ఇక్కడి క్లినిక్‌లో డాక్టరు జబ్బు ఎటు పోతుందో చెబితే ప్రాగ్నోసిస్. బ్రహ్మంగారి కాలజ్ఞానం ప్రాఫెసీ. అది నమ్మకం, దాని గౌరవం దానిది. ఉగాది పంచాంగంలో ఆదాయ వ్యయాలు జోస్యం, తిథులూ గ్రహణాలూ గణితం. ఒకే పుస్తకంలో రెండూ ఉంటాయి.

వానలు రాకపోతే రాజుగారి పిలుపుతో దేశమంతా ఇస్తిస్కా నమాజు చేస్తారు. అది జోస్యం కాదు, వేడికోలు. రంజాన్ సంగతి ఇంకోలా ఉంటుంది. ఉమ్ముల్‌ఖురా క్యాలెండర్‌లో తేదీ ముందే అచ్చయి ఉన్నా, నెలవంక కనబడిందని సౌదీ సుప్రీంకోర్టు ప్రకటించేదాకా అందరూ ఆగుతారు.

సౌదీ జాతీయ వాతావరణ కేంద్రం ప్రధాన కార్యాలయం జెడ్డాలోనే ఉంది. వాన కబురు ఎవరు పంపినా ముందు వాళ్ల ప్రకటనతో సరిచూసుకోండి. రెడ్ అలర్ట్ ఉన్న రోజు వాదీ పక్కకు పోకండి, అండర్‌పాస్‌లోకి బండి దించకండి. అరబ్బీ చదవడం రాని గదివాళ్లకు ఆ హెచ్చరిక తెలుగులో చెప్పండి.