మా సరమయు, మేడలోని అంతస్తులును

“మనుష్యులకే ఇల్లు దొరకని ఈ దినములలో కుక్క కొఱకు అంతస్తు నెంచుట యేమమ్మా!” అని మా యూరి సోదరి యొకతె మమ్ము జూచి నవ్వెను. నవ్వదగిన మాటయే. కాని అంతస్తు అను పదమునకు రెండర్థములు గలవు. మేడలోని మాళిగ యొకటి, మనుష్యుని హోదా యొకటి. మేడలో కాపురము పెట్టబోవువారు రెండవ యర్థమును మనసున నుంచుకొనియే మొదటిదాని నెన్నుకొందురని మాకు ఈ వేసవిలో తెలియవచ్చినది. మేమును అట్లే ఎన్నుకొనబోయితిమి. మమ్ము దిద్దినవారు ఒక వృద్ధురాలు, ఒక కుక్క. సోదరీమణులలో నెవరికైన ఉపయోగపడునేమో యని ఆ వృత్తాంతమును వ్రాయుచున్నాము.

ఇన్నాళ్లును మా కాపురము ఉద్దానములోని యొక పల్లెలో సాగినది. ఉద్యానము అను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొనను, పలాస మొదలు సోంపేట, కవిటి, ఇచ్ఛాపురముల వఱకు సముద్రము వెంబడి కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు గల ఈ నేలకు ఆ పేరు తగినదే. తూర్పున సముద్రపు హోరు, పడమట మహేంద్రగిరి నీలిమ. ఆ కొండలలో పుట్టిన మహేంద్రతనయ సోంపేటకు సమీపమున బారువ యొద్ద సముద్రమున గలియును. ఈ కొండను ఈ కడలిని ఒక్క చూపులో చూచుచు పెరిగినవారికి వేఱొకచోట మనసు నిలువదు.

అయితే ఈ సౌందర్యమునకు మేము కట్టు పన్ను అక్టోబరు నెలలో గాలి వచ్చి వసూలు చేసికొని పోవుచుండును. 2013వ సంవత్సరము అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురము చెంత తీరము దాటి మా తోటలను ఊచివేసెను. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస చెంతనే తీరము దాటెను. ఆనాడు మా యింటి పెంకులు లేచిపోయినవి. మామగారు నాటిన కొబ్బరిచెట్లలో నిలిచినవి వ్రేళ్లపై లెక్కింపదగినవే. మఱునాడు అత్తయ్యగారు పడిపోయిన చెట్ల నడుమ తిరుగుచు, ఒక మట్టల గుట్టక్రింద మూలుగుచున్న ఆడు కుక్కపిల్లను పయ్యెద చెఱగులో పెట్టుకొని వచ్చిరి. “చెట్లు పోయినాయి. ఇదైనా బతికింది” అనిరి. భారతము చదువుకొన్నవారము గనుక మేము దానికి సరమ యని పేరు పెట్టితిమి. అత్తయ్యగారి నోట అది సరమ్మ యైనది.

మూడేండ్లకు పూర్వము అత్తయ్యగారికి మూత్రపిండముల వ్యాధి బయటపడెను. ఉద్దానమున ఈ మాట వినని గడప లేదు. ఈ వ్యాధి ఇచ్చట ఇంత విరివిగా నుండుటకు కారణ మిదియే యని వైద్యశాస్త్రము నేటికిని నిశ్చయింపలేకున్నది. 2023 డిసెంబరులో పలాసయందు ఇన్నూఱు పడకల ఆసుపత్రియు, దానితోపాటు పరిశోధన కేంద్రమును వెలసినవి. వంశధార జలమును హిరమండలమునుండి గొట్టముల ద్వారా మా పల్లెలకు తెచ్చిరి. అయినను వచ్చిన వ్యాధి వెనుకకు పోదు. ఈ యేడు అత్తయ్యగారికి వారమునకు మూడు మారులు డయాలిసిస్ జరుపవలసి వచ్చెను. పల్లెనుండి సోంపేటకు ఆటోలో గతుకులదారిని పోయి, నాలుగు గంటలు సూదులతో పడుకొని, మరల ఇల్లు చేరునప్పటికి ఆమె ముఖమున నెత్తురు చుక్క యుండెడిది కాదు. మావారు ఉపాధ్యాయులుగా నున్న పాఠశాలయు సోంపేటలోనిదే. కావున పట్టణమునకు మారుటకు నిశ్చయించితిమి.

ఒక క్రొత్త మేడలో మూడు వాటాలు ఖాళీగా నున్నవని తెలిసినది. నేలమట్టమున నొకటి, రెండవ అంతస్తులో నొకటి, అన్నిటికంటె పైనున్న నాలుగవ అంతస్తులో నొకటి. మేడవారి సంఘమున పెద్దయైన యొకరు ముందుగానే, “కుక్కలు కూడదని మేమందఱము తీర్మానించుకొంటిమి” అనిరి. మావారు కోపగింపక, భారత జంతుసంక్షేమ మండలి 2015లో ప్రకటించిన నియమములను వారికి చదివి వినిపించిరి. ఎక్కువమంది ఒప్పుకొన్న తీర్మానమైనను పెంపుడు కుక్కను నిషేధింపజాలదనియు, లిఫ్టు నెక్కనీయకుండుట కూడదనియు అందున్నది. కుక్కను శుభ్రముగా నుంచుట, టీకాలు వేయించుట, ఇరుగుపొరుగులకు కష్టము కలుగకుండ చూచుట యజమానుల విధియనియు అందున్నది. మావారు మొదటి మాటకంటె రెండవ మాటనే గట్టిగా చదివిరి. పిచ్చికుక్క రోగము రాకుండ సరమకు ఏటేట వేయించిన టీకాల చీటీని మేము చూపితిమి. హక్కు చెప్పుటకు ముందు బాధ్యత చూపినచో సగము తగవు అక్కడనే తీరును. ఆ పెద్దమనిషి చీటీని తిప్పి తిప్పి చూచి, తాళపుచెవులు చేతికిచ్చెను.

మావారికి నాలుగవ అంతస్తుపై మనసు. లిఫ్టు తలుపు తెఱచుకొనగానే సరమ నాలుగు కాళ్లను నేలకు తన్నిపట్టి కదలదయ్యెను. కాళ్లక్రింద నేల జాఱుట కుక్క కెట్లు తెలియగలదు? మావారు దాని నెత్తుకొనిరి. అత్తయ్యగారు గోడ పట్టుకొని కన్నులు మూసికొనిరి. పైకి చేరి కిటికీ తెఱచితిమో లేదో, ఒక ప్రక్క మహేంద్రగిరి, వేఱొక ప్రక్క కొబ్బరితలల మీదుగా సన్నని వెండితీగవలె సముద్రము! మా ప్రాణము లేచివచ్చెను. “ఇదియే మన యిల్లు” అంటిమి. సరమ మాత్రము వసారా కమ్మీల నడుమ తల దూర్చి క్రిందకు చూచి, వెనుకకు నడచి, అత్తయ్యగారి పాదములపై కూలబడెను.

ఆ రాత్రి పల్లెలో భోజనములైన పిమ్మట అత్తయ్యగారు మెల్లగా, “మీరెళ్లిపోండమ్మా. నేనూ సరమ్మా ఇక్కడే ఉంటాం. అంతెత్తున అది ఉండలేదు. దాన్నొగ్గేసి నేనెక్కడికీ రాను” అనిరి. “మఱి మీ డయాలిసిస్ మాటేమిటి?” యని మావారడుగగా, “జరిగినన్నాళ్లు జరుగుద్ది” అని గోడవైపు తిరిగి పడుకొనిరి. మాకు నిద్ర పట్టలేదు. కొండను చూచి మురిసిన ఆ ముచ్చట వలన ఒక ప్రాణము వైద్యమునకు దూరమగుచున్నదని అప్పుడు తోచినది. కుక్క పేరుతో ఆమె తన భయమును గూడ చెప్పుకొనుచున్నదనియు తోచినది. మెట్లెక్కలేను, లిఫ్టంటే భయము, మీకు భారము కాజాలను అను మాటలను మన పెద్దవారు తిన్నగా చెప్పరుగదా.

మఱునాడు మూడు వాటాలను మరల చూచితిమి. ఈ మాఱు కిటికీనుండి గాక, కుక్క యెత్తునను ముసలివారి యెత్తునను నిలిచి చూచితిమి.

నాలుగవ అంతస్తు మీద మిద్దె తప్ప నీడ లేదు. మధ్యాహ్నమున కప్పు పెనమువలె కాగును. మనకువలె కుక్కకు ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటచేతనే అది వేడిని వదలించుకొనవలెను. తేమగాలి వీచు మా సముద్రతీరమున ఆ ఉపాయమును చాలదు. అంతకంటె ముఖ్యమైనది కరెంటు మాట. తిత్లీ పిమ్మట ఉద్దానమున చాల దినములు దీపము లేదు. కరెంటు లేనిచో లిఫ్టు ఒక ఇనుపపెట్టె మాత్రమే. అప్పుడు డయాలిసిస్ రోగిని నాలుగంతస్తులు దింపువారెవరు? మాసిన కాలకృత్యములకై రోజునకు నాలుగు మాఱులు కుక్కను దింపి ఎక్కించువారెవరు? 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముపై పడినపుడు ఎత్తైన మేడల అద్దములు పగిలి గాలి ఇండ్లలో చొరబడిన సంగతి ఆ నగరమున నున్న మా చుట్టములు చెప్పగా వినియుంటిమి. పైన గాలి యెక్కువ యని మురియుట వైశాఖమునకే. ఆశ్వయుజమున ఆ గాలియే పగవాడగును.

రెండవ అంతస్తు మధ్యస్థముగా బాగుండునని తలచితిమి. వేడి తక్కువ, నీటి భయము లేదు, లిఫ్టు నిలిచినను మెట్లు రెండు వరుసలే. చిన్న వయసు వారికి, వయసులోనున్న కుక్కకు ఇదియే మేలేమో. కాని క్రింది వాటాలో పరీక్షలకు చదువుకొను ఆడుపిల్ల యున్నది. కుక్కగోళ్ల చప్పుడు గచ్చుమీద ఎట్లుండునో క్రింద నుండువారికే తెలియును. పరుపులు, చాపలు పఱచి తగ్గింపవచ్చునే గాని పోగొట్టలేము. సరమకు ఏడేండ్లు నిండినవి. వెనుకకాలు ఒకటి అప్పుడప్పుడు లాగుచున్నది. నడుము పొడవుగా నుండు జాతులకును, వయసు మళ్లిన కుక్కలకును దినమున పలుమాఱు మెట్లు దిగుట కీళ్లకు చేటని పశువైద్యులు చెప్పుచుందురు.

ఇక నేలమట్టపు వాటా. చూచినవారెల్ల దానిని తీసివేసినదే. కిటికీ తెఱచిన గోడ కనబడును, బండ్లు కనబడును. దాని దోషములును నిజమైనవే. వచ్చిపోవువారి యడుగుల చప్పుడు విన్నప్పుడెల్ల కుక్క మొఱుగును. మన చెవికి అందని సన్నని ధ్వనులు సైతము దానికి వినవచ్చును గదా. గడ్డి చెంత గోమారులు, వానకాలమున పాములు. అన్నిటికి మించి నీరు. సోంపేట చెంత బీల యనబడు పల్లపు నేలలు గలవు. వానలనాడు చుట్టుపట్ల నీరు అచ్చటికే చేరును. ఆ బీలలో విద్యుత్కేంద్రము కట్టరాదని 2010లో జనులు పోరాడిరి. ఆ యేడు జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో ఇద్దఱు ప్రాణములు విడిచిరి. నీరు నిలుచు చోటును నిలుపుకొనుట యెందులకో, నేలమట్టమున ఇల్లు వెదకువారికి చక్కగా బోధపడును. పల్లమును పూడ్చినచో ఆ నీరు మన గడపలనే వెదకికొని వచ్చును.

కావున మేము ఇంటివారి మాటను నమ్మక, ఆ వీధిలో ఏండ్ల తరబడి పాలు పోయునామెను, మూలనున్న కొట్టువానిని అడిగితిమి. పాలామె మమ్ము ఎదురింటి పాతగోడ చెంతకు తీసికొనిపోయి, 2018లో నీరు నిలిచిన మరక చూపెను. మావారు దారము పట్టి కొలిచిరి. ఆ మరక మా మేడ మెట్లలో రెండవదానితో సమానమైనది. వాటా గడప నాలుగవ మెట్టుపైన నున్నది. పడకగది కిటికీలకు కమ్మీలు, వెనుక తలుపు తెఱచిన ఒక వేపచెట్టు, దానిక్రింద చేరెడు మట్టినేల. సరమ ఆ మట్టిని ఒక క్షణము వాసనచూచి, మూడు మాఱులు చుట్టు తిరిగి, అక్కడనే పడుకొనెను. అత్తయ్యగారు నాలుగు మెట్లెక్కి, గడప పట్టుకొని నిలిచి, “ఇదైతే ఆసుపత్రినుంచి రాగానే వొచ్చి పడుకోవచ్చు” అనిరి. మావారు మాఱు మాటాడక ఆ వాటాకే అడ్వాన్సు ఇచ్చిరి.

వచ్చి రెండు నెలలైనది. బండ్ల చప్పుడునకు సరమ మొదటి వారమంతయు మొఱిగెను. వీధివైపు కిటికీకి క్రింది సగమున మందపు తెర కట్టగా చాలవఱకు మానినది. వారమున కొకమాఱు దానిని దువ్వి గోమారులు ఏఱుచున్నాము. దాని మలమును మేమే కాగితముతో తీసి పాఱవేయుదుము. మొదట ముఖము చిట్లించిన సంఘపు పెద్దగారు మొన్న తమ మనుమనికి కుక్కను నిమురుట నేర్పుచుండిరి. ఆసుపత్రికి పోవు దినములలో సరమ గడప విడువదు. ఆటో చప్పుడు మలుపునందే గుర్తించి లేచి నిలుచును. అత్తయ్యగారు ఒక చేత మావారిని, ఒక చేత దాని వీపును పట్టుకొని నాలుగు మెట్లెక్కుదురు.

అక్టోబరు ఇంకను రావలసియున్నది. నీరు రెండవ మెట్టుననే ఆగునని మేము ప్రమాణము చేయలేము. అందులకై బియ్యపు డబ్బాలను, అత్తయ్యగారి మందులను, చీటీలను ఎత్తైన అటుకమీద నుంచితిమి. అవసరమైనచో మొదటి అంతస్తులోని సోదరి తమ ముందుగదిని మాకును సరమకును ఇచ్చెదనని మాట యిచ్చినది. ఇరుగుపొరుగుల ఈ మాటకంటె ఎత్తైన అంతస్తు లేదని మేము తలంచుచున్నాము.

ఇట్టి యిల్లు వెదకు సోదరీమణులకు మా మనవి యిదియే. కుక్క వయసు, ఇంటి పెద్దల మోకాళ్లు, కరెంటు లేని రాత్రి, వాననీటి మరక, క్రిందివారి నిద్ర, ఈ యయిదింటిని ముందు చూడుడు. కిటికీలోని కొండను పిమ్మట చూడవచ్చును.

భారతారంభమున జనమేజయుని తమ్ములు నిరపరాధియైన సారమేయుని కొట్టగా, సరమ వచ్చి తన బిడ్డకై రాజును నిలదీసెను. భారతాంతమున ధర్మరాజు తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గరథమెక్కనని నిలిచెను. బాల్యమున మా తండ్రిగారి యొద్ద ఈ కథలను అర్థతాత్పర్యములతో చదివితిమి. ఇప్పుడు నాలుగు మెట్లపై కూర్చుండి చదువుచున్నాము. మహేంద్రగిరిని చూడవలెనని మనసైనపుడు సాయంకాలము మావారును మేమును మిద్దెపైకి పోయి చూచి వచ్చెదము. క్రింద అత్తయ్యగారి మంచము ప్రక్కను సరమ కావలి యుండును.