సీసాలోని దూది

ఈ వ్యాసం క్రింద పేరు లేదు. అందుకు అంగీకరించిన సంపాదకవర్గం వారికి కృతజ్ఞతలు. మేము ఒకరమా, ఇద్దరమా అన్నదీ చెప్పము. 'నేను' అని వ్రాయడానికి ధైర్యం చాలక 'మేము' అనే మాట చాటున తలదాచుకుంటున్నామని పాఠకులు గ్రహింతురు గాక.

మాకు పుట్టుకతోనే హెచ్.ఐ.వి. సోకింది. ప్రభుత్వ ఆసుపత్రులలో దీనికి ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మేము పుట్టినది ఆ మరుసటి ఏటనే అయినను, కాన్పు ఇంటిలోనే జరిగినందున అమ్మీకి ఎవరూ పరీక్ష చేయలేదు. అమ్మీ, అబ్బాజాన్ ఇద్దరూ గతించగా నానీ మమ్మల్ని పెంచింది. రోజూ వేసుకునేవి 'బలం మాత్రలు' అని చెప్పేది. పన్నెండవ ఏట ఆసుపత్రిలోని కౌన్సిలరమ్మ ఎంతో ఓర్పుతో నిజం చెప్పింది.

ఆనాడు ఇంటికి వచ్చి మేము చేసిన మొదటి పని మా స్టీలు గ్లాసును విడిగా పెట్టుకోవడం. ఎవరూ పెట్టమనలేదు. పిన్నమ్మ బిడ్డను ఎత్తుకోవడం మానుకున్నాము. పదవ తరగతి జీవశాస్త్ర పరీక్షలో ఈ వ్యాధి ఎలా సోకుతుందో, ఎలా సోకదో తప్పులేకుండా వ్రాసి, ఇంటికి వచ్చి మా కంచం మేమే వేరుగా కడుక్కున్నాము! చదువుకు, మనస్సుకు మధ్య ఇంతటి దూరం ఉంటుందని మేమెరుగము.

ఈ సిగ్గు ఎక్కడిదని తరచి చూచుకుంటే ఒక దృశ్యం జ్ఞాపకం వస్తుంది. అబ్బాజాన్ మయ్యత్‌కు గుసుల్ ఇవ్వడానికి ముందుకు రాక, గడప వద్దనే నిలిచిపోయిన పెద్దలను అయిదేళ్ళ వయసులో చూశాము. ఆ పెద్దలలో కొందరు నేడు లేరు. వారి చూపు మాత్రం మాలో కాపురముంది.

ఇంటర్మీడియట్‌లో హాస్టలుకు వచ్చాము. మందు సీసాలో ముప్పది మాత్రలు, కదిపితే గలగలమంటాయి. ఆ చప్పుడు వినబడకుండా దూది కుక్కాము. సీసా మీది కాగితం గోటితో గీకివేశాము. అయినను తోటి విద్యార్థి ఒకడు "ఏం మందురా అది?" అని అమాయకంగా అడిగినాడు. ఆ రాత్రి మాత్ర వేసుకోలేదు. ఆ పిమ్మట నాలుగు నెలలు వేసుకోలేదు.

తరువాతి పరీక్షలో వైరస్ వేలలో తేలింది. డాక్టరుగారు కోపగించలేదు. "ఎవరైనా ఏమైనా అన్నారా?" అని మాత్రం అడిగారు. ఎవరూ ఏమీ అనలేదని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలుపరచిన చట్టం ప్రకారం ఈ కారణంగా ఏ విద్యాలయమూ మాకు ప్రవేశం నిరాకరించరాదు. మా స్థితిని చెప్పమని మమ్మల్ని నిర్బంధించరాదు. మంచి చట్టమే. కాని మనల్ని మనమే వెలివేసుకొనరాదనే సెక్షను అందులో లేదు.

ఇప్పుడు రోజుకు ఒకటే మాత్ర. రంజాన్‌లో ఇఫ్తార్ తరువాత వేసుకుంటాము. డాక్టరుగారిని అడిగియే అలా మార్చుకున్నాము. మాత్ర తప్పకుండా వాడి వైరస్ పరీక్షకు అందనంతగా అణగి ఉన్నంతకాలం, రేపు వివాహమైనా దాంపత్యం వలన అది మరొకరికి సోకదని వైద్యశాస్త్రం తేల్చింది. ఈ మాటను మొన్న అద్దం ముందు నిలబడి బిగ్గరగా చెప్పబోయి, సగంలో ఆగిపోయాము.

గత రంజాన్‌లో ఒక సాయంకాలం నానీ మా గ్లాసు తీసుకొని షర్బతు సగం త్రాగింది. మేము ఉలిక్కిపడి, "నానీ, అది మాది!" అన్నాము.

"తెలుసు బేటా. పదేళ్ళనుంచీ నువ్వు చూడనప్పుడల్లా దీనిలోనే త్రాగుతున్నాను" అని మిగిలిన సగం మా చేతికిచ్చింది.

త్రాగాము. హాస్టలులోని సీసాలో దూది ఇంకా ఉన్నది. ఈ మధ్యనే కొంచెం తీసివేశాము.