మామిడి చెట్టు కింద

ఫిబ్రవరి 4

పెరట్లో వంటిల్లు కట్టాలట. ఈయన నిర్ణయం. కారణం: ఇంట్లో చేపల వాసన. చేపలు ఎవరి కోసం అన్నది చర్చకు రాలేదు.

బ్యాంకు వాళ్ళిచ్చిన క్యాలెండరు వెనక ప్లాను గీశారు. గ్యాసు పొయ్యి, కట్టెల పొయ్యి, సింకు, మా వాడికి గ్రిల్లు, ఒక అరుగు. మనుషుల్ని కూడా గీశారు. నలుగురు. నలుగురూ కూర్చునే ఉన్నారు.

ఫిబ్రవరి 6

ఎక్కడ కడితే బావుంటుందని అత్తయ్య గారిని అడిగాం. "మామిడి చెట్టు కింద" అన్నారు.

ఆ చెట్టు హుద్‌హుద్‌ తుఫానులో పడిపోయింది. 2014 అక్టోబరు 12. ఇంట్లో సగం సామాను మాత్రం ఇప్పటికీ ఆ చెట్టు కిందే ఉంటుంది. చీపురు, గునపం, బట్టల తీగ.

ఫిబ్రవరి 11

సిద్ధాంతి గారు వచ్చారు. పొయ్యి ఆగ్నేయంలోనే. ఆగ్నేయం అంటే ఆ చెట్టున్న చోటే. అత్తయ్య గారు నా వైపు చూశారు.

మాకు సముద్రం గాలి వచ్చేదీ అటునుంచే. భీమిలి రోడ్డులో ఎవరినడిగినా చెబుతారు. ఎండెక్కితే మొదలవుతుంది. పొగ తిన్నగా పడగ్గదిలోకి. అదే మాట సిద్ధాంతి గారికి చెప్పాను.

"గాలి మారుతుందమ్మా. దిక్కు మారదు."

కాఫీలో పంచదార వద్దన్నారు.

ఫిబ్రవరి 18

గ్రానైటు కొట్టు. బ్లాక్ గెలాక్సీ తీసి చూపించాడు. చీమకుర్తి రాయి. నలుపులో బంగారు చుక్కలు. ఆ చుక్కలు బ్రాంజైటు అనే ఖనిజం. ఈయన ఎండలోకి తీయించి ఒకసారి, నీడలో ఒకసారి, కళ్ళజోడు తీసేసి ఒకసారి చూశారు.

అత్తయ్య గారు అరచేత్తో రాసి చూశారు. "జారిపోతోంది. దీని మీద చేప ఎలా తోముతారు?"

గరుకు రాయి కూడా ఉందట. లెదర్ ఫినిష్. నునుపుకంటే ఖరీదు. ముందు చదును చేసి, తర్వాత బ్రష్షులు పెట్టి గరుకు చేస్తారట.

"చెయ్యకముందు గరుగ్గానే ఉంటుంది కదా నాయనా" అన్నారు అత్తయ్య గారు. అతను నవ్వి క్యాలిక్యులేటరు తీశాడు.

మార్చి 3

స్టీలు కొట్టు. గట్టు కింద తలుపులకి. యజమాని జేబులోంచి అయస్కాంతం తీశాడు. రేకుకి అంటలేదు. "చూశారా సార్. 304."

202 గ్రేడుకీ అంటదు. ఈయన ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. ఆ మాట చెప్పారు.

"మీది వేరే ఉక్కు సార్. కడ్డీలు."

నిజమే. విశాఖ ఉక్కులో చేసేవి కడ్డీలూ తీగలూ. ఈయన కాసేపు తలుపు పిడులు చూశారు.

ఉప్పుగాలికి అసలు 316 వెయ్యాలి. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది. ధర విన్నాం. 304 చాలనిపించింది. బిల్లు మీద గ్రేడు రాసివ్వమన్నారు ఈయన. అతను పెన్ను వెతికాడు. చాలాసేపు వెతికాడు. పెన్ను చెవి మీదే ఉంది.

మార్చి 10

పునాది తవ్వుతుంటే మామిడి వేరు తగిలింది. తొడంత లావు. పైన పుచ్చిపోయింది, లోపల గట్టిగా ఉంది. మేస్త్రీ గునపం పక్కన పడేసి బీడీ ముట్టించాడు. వదిలేస్తే కుళ్ళి కింద బోలవుతుంది, గట్టు కుంగుతుంది. చెదలు సరేసరి.

అత్తయ్య గారు కుర్చీ తెచ్చి వేయించుకున్నారు. వేరు మొత్తం బయటికొచ్చేదాకా లేవలేదు.

"సువర్ణరేఖ" అన్నారు మేస్త్రీతో.

అతను వేరుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అవునమ్మా."

నరికి గోడవార పేర్చారు. పొయ్యిలోకి.

మార్చి 12

తాడు కట్టి ఒక పక్క మూడు అడుగులు, ఇంకో పక్క నాలుగు అడుగులు గుర్తు పెట్టాడు మేస్త్రీ. ఐమూల ఐదు రావాలి. రాలేదు. మేకు పీకి జరిపాడు. వచ్చింది.

ఎవరు నేర్పారని అడిగాను. మా నాన్న అన్నాడు. మీ నాన్నకి? వాళ్ళ నాన్న. గ్రీసు దాకా వెళ్ళేలా ఉందని ఆపేశాను.

మార్చి 16

గట్టు ఎత్తు దగ్గర పని ఆగింది.

ఈయనకి 36 అంగుళాలు కావాలి. ఫోనులో చూసిన వాళ్ళకి అంతే ఉంది. నాకు 32. అత్తయ్య గారికి అసలు ఎత్తే వద్దు. "కత్తిపీట నిలబడి వాడతారా ఎవరైనా?"

మేస్త్రీ రసమట్టం తుడుచుకుంటూ అవతలికి వెళ్ళాడు. తిరిగొచ్చి 33 దగ్గర గీత గీశాడు. ఎవరికీ సరిపోదు. ఎవరూ ఏమీ అనలేదు.

మార్చి 23

కట్టెల పొయ్యి. మామూలు ఇటుక, సిమెంటు చాలంటాడు మేస్త్రీ. సెగకి సిమెంటు విడిచేస్తుందంటారు ఈయన. ఫైర్ బ్రిక్కులు తెప్పించారు. కూర్చడానికి ఫైర్ క్లే. ఒక్కో ఇటుకా తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసులకి పేర్లుంటాయి. మొదటిది గోదావరి. రెండోది కృష్ణ. మూడోది అన్నపూర్ణ. మేస్త్రీకి ఇవన్నీ చెప్పారు. అతను ఊ కొడుతూ ఇటుక పెట్టాడు.

ఇంట్లో పొయ్యికి పేరు పెట్టొద్దని చెప్పాను. పెట్టలేదు. లోపల్లోపల పిలుస్తున్నట్టున్నారు.

మధ్యాహ్నం కూలీలు మూడు ఇటుకలు పెట్టి టీ కాచుకున్నారు. ఈయన వెళ్ళి అవి ఏ ఇటుకలో చూసొచ్చారు. ఫైర్ బ్రిక్కులే.

మార్చి 30

సిలిండరు అరకి గాలి కన్నాలు పెట్టాడు మేస్త్రీ. పైన, ముగ్గు డిజైనులో. బావుంది.

బండ తెచ్చిన కుర్రాడు చూసి నవ్వాడు. గ్యాసు గాలికంటే బరువు. కారితే కిందికి దిగి నేల మీదే ఉంటుంది. కన్నాలు అడుగున ఉండాలి.

అడుగున కొట్టారు. పైవీ ఉంచమన్నాను. కిందివాటికి జాలీ. ఎలుకలు. జాలీ పెట్టే లోపలే ఒకటి వచ్చి చూసుకుని వెళ్ళింది.

ఏప్రిల్ 5

స్పాట్ వాల్యుయేషన్. టెన్త్ లెక్కలు. పైథాగరస్ సిద్ధాంతం అందరూ రాశారు. పక్క పేపరు, దాని పక్క పేపరు, ఒకే వాక్యాలు, ఒకే చోట ఒకే తప్పు. ఒకడు మాత్రం లంబకోణానికి రెండు ముక్కుల చిన్న పక్షిని గీసి కింద "నిరూపించబడినది" అన్నాడు. సగం మార్కులు వేశాను.

ఇంటికొచ్చేసరికి గట్టు మీద గోనె సంచులు తడారిపోయి ఉన్నాయి. పొద్దున్నా సాయంత్రం తడపాలని పెన్సిల్‌తో గోడ మీద రాసే ఉంది. ఈయన రాసిందే. ఈయన టీవీ ముందు ఉన్నారు.

ఏప్రిల్ 13

గ్రానైటు పరిచారు. సింకు కోసం నడిమిని కోశారు. కటింగ్ మిషను రొద వీధి చివరి దాకా. రాతి పిండి జామాకుల మీద, మందారాల మీద, ఈయన మీద.

కోసిన ముక్కని ఏం చెయ్యాలన్నాడు కుర్రాడు. రెండడుగుల పొడవు. ఒక పక్క అద్దం, ఒక పక్క గరుకు.

అత్తయ్య గారు దాన్ని కుళాయి కింద పెట్టించారు. గరుకు పైకి. నేల మీద. పక్కన కొబ్బరి డిప్పలో బూడిద. ముందు పీట.

పనయిందన్నారు.

ఏప్రిల్ 15

ఇవాళ్టి నుంచి చేపల వేట నిషేధం. 61 రోజులు. జూన్ 14 దాకా మరబోట్లు కదలవు. గుడ్ల కాలం.

ఏటా ఇదే తేదీ. ఏటా పేపర్లో వస్తుంది. ఈయన పేపరు మడిచి కింద పెట్టి, సింకు కుళాయి తిప్పి చూశారు. నీళ్ళు బాగా వస్తున్నాయి. పోవడం కూడా బాగా పోతున్నాయి, గొట్టంలోంచి అరటి మొదట్లోకి.

ఏప్రిల్ 28

గ్రిల్లు వచ్చింది. మా వాడి స్నేహితుడు అమెరికా నుంచి సామానంతా తెచ్చుకుంటూ తెచ్చాడు. అరలోకి ఎక్కించడానికి నలుగురు పట్టారు. దాని గొట్టం మర మన రెగ్యులేటరుకి పట్టదు. మూత మీద ముల్లు. 400 దాకా అంకెలు, ఇంకా పైన కూడా.

"అన్ని డిగ్రీలేంట్రా, చేప ఉంటుందా బూడిదవుతుందా?" అన్నారు అత్తయ్య గారు, వీడియో కాల్లో.

"అది ఫారన్‌హీట్ నానమ్మా. మన లెక్కలో 204."

"అయినా ఎక్కువే."

బొంగు చికెన్ చేద్దామంటాడు. బొంగు అరకు నుంచి తేవాలి. పొడవు చూసుకుని తెమ్మన్నాను, మూత పడాలి కదా. మూత తీసి చేస్తానన్నాడు. అయితే మూత ఎందుకో.

మే 4

నల్ల రాయి మధ్యాహ్నం రెండింటికి చెయ్యి పెట్టనివ్వదు. కొట్టువాడు ఈ సంగతి చెప్పలేదు. ఏ కొట్టువాడూ మే నెలలో రాయి చూపించడు.

అత్తయ్య గారు మాగాయ ముక్కలు దాని మీద ఎండబెట్టారు. ఎప్పటికన్నా ముందే ఎండాయి. కాకులు రాకుండా గ్రిల్లు లోపలి జాలీ తీసి పైన బోర్లించారు. సరిగ్గా సరిపోయింది.

ఫొటో తీసి మా వాడికి పంపాను. చూశాడు. నీలం టిక్కులు పడ్డాయి. అంతే.

మే 11

పైకప్పు. గాలివానకి లేచిపోనిది కావాలి. ఈయన బోల్టులు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, మరో నాలుగు వేయించారు. వెలుతురు కోసం ఒక మూల పారదర్శకపు రేకు.

కొబ్బరి చెట్టు సరిగ్గా ఆ మూల మీదే. దింపించాలన్నాను. కొబ్బరికాయకి కళ్ళుంటాయి, చూసి పడుతుందన్నారు అత్తయ్య గారు.

రాత్రి పడింది. మనుషులెవరూ లేని చోట, చూసే పడింది. రేకుకి కళ్ళు లేవు.

మే 19

ఎలక్ట్రీషియన్. బయట సాకెట్లకి మూతలున్నవి వెయ్యాలి. ఐపీ 65. నీళ్ళు చిమ్మినా లోపలికి పోవు. 30 మిల్లీ ఆంపియర్లు కారితే కరెంటు కొట్టేసే స్విచ్చు ఒకటి. ఎర్తింగు ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఎక్కడ అన్నాను. భూమిలో అన్నాడు.

అత్తయ్య గారు ఒక లైటు మామిడి చెట్టు దగ్గర పెట్టమని చెప్పి పడుకున్నారు. నేను బజారు నుంచి వచ్చేసరికి కుర్రాడు వైరు చుట్ట భుజాన వేసుకుని పెరడంతా తిరుగుతున్నాడు. వెనక సందులో కూడా చూసొచ్చాడట.

జూన్ 2

పాలు పొంగించాం. ఆషాఢం రాకముందే కావాలన్నారు సిద్ధాంతి గారు. కట్టెల పొయ్యి మీద. కట్టెలు: సువర్ణరేఖ. కాస్త చెమ్మ ఉంది. పొగ వచ్చింది. పడగ్గదిలోకే వచ్చింది.

పాలు తూర్పుకి పొంగాయి. అందరూ మంచిదన్నారు. మేస్త్రీని కూడా పిలిచాం, బట్టలు పెట్టాం. గిన్నె కింద బండ వాటం తూర్పుకే ఇచ్చాడతను. నేను చూశాను. అతను నేను చూడటం చూశాడు. పాయసం మళ్ళీ వేయించుకున్నాడు.

జూన్ 20

బోట్లు తిరిగొచ్చాయి. వంజరం కిలో ధర విని ఈయన నెత్తళ్ళు తెచ్చారు.

అత్తయ్య గారు పీట మీద కూర్చున్నారు. బూడిద అద్ది, ఉప్పు రాసి, గరుకు రాతి మీద గుప్పెడేసి తోమారు. రాతి మీద పొలుసు మెరుస్తూ పేరుకుంది. నీళ్ళు తెల్లగా, తర్వాత బూడిద రంగులో, తర్వాత మామూలుగా. మధ్యలో తలెత్తకుండానే పిల్లిని రెండుసార్లు అదిలించారు. 33 అంగుళాల గట్టు మీద ఈయన ఫోను, కళ్ళజోడు, పేపరు.

వేపుడు బయటే. వాసన పడగ్గదిలో, దిండు గలీబుల్లో, నా కాటన్ చీరల బీరువాలో.

సాయంత్రం పక్కింటావిడ పలకరించింది. వాళ్ళు చేపలు ముట్టరు. "మీ వంటిల్లు బయటికి మారాక మాకసలు వాసనే రావట్లేదండీ" అంది. పాపం, మనస్ఫూర్తిగా అంది.

జూలై 7

తలుపులు తుప్పు పట్టలేదు. మేకులు పట్టాయి. ప్రతి మేకు కిందా ఒక ఎర్రటి చార. ఈయన అయస్కాంతం పెట్టి చూశారు. మేకులకి అంటింది.

ఆ అయస్కాంతం ఎక్కడిదని అడిగాను. కొన్నారట.

జూలై 14

వాన. బయట వండటానికి లేదు. అత్తయ్య గారు మాత్రం గొడుగేసుకుని వెళ్ళి తన రాయి తిరగేసి వచ్చారు. నానితే నాచు పడుతుందట. గ్రిల్లు కవరు గుంటలో నీళ్ళు నిలిచాయి. కాకి స్నానం చేసింది.

జూలై 28

రాజమండ్రి నుంచి మరిది పులస తెచ్చాడు. ఐసు పెట్టెలో, తువ్వాల్లో చుట్టి. ధర అడగొద్దన్నాడు. తర్వాత తనే చెప్పాడు.

ఈయన పొద్దున్నే లేచి బయట పొయ్యి ఊడ్చారు. కట్టెలు పేర్చారు. మట్టి దాక కడిగి బోర్లించారు. పులస పులుసంటే కట్టెల మీద, సన్నటి సెగన ఉడకాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఈ పొయ్యి కట్టిందే ఇలాంటి రోజు కోసమన్నారు. గొంతులో కాస్త ఫర్నేసు కూడా వినిపించింది.

అత్తయ్య గారు చేప మాత్రం తన రాతి మీదే తోమారు. ముక్కలు కోసి, దాకలో వేసి, దాక ఎత్తుకుని లోపలికి నడిచారు.

"అమ్మా, పొయ్యి ఇక్కడ!"

"పులసని ఆరుబయట వండుతార్రా? ఊరంతా చూస్తుంది. దిష్టి."

లోపల గ్యాసు మీద వండారు. కిటికీలన్నీ వేయించారు. మరిది ఫ్యాను వేస్తే మంట ఆరుతుందని తీసేయించారు. ఆవకాయ నూనె పైన తేలాక దించి, మూత మీద బరువు పెట్టి, రేపటిదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు.

రాత్రికి మిగిలిన సాంబారు.