"ఏం మానేశావు?"

ఈ ఏడాదిగా ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పేరంటానికి వెళ్ళినా నాకు ఒకటే ప్రశ్న. "సన్నబడ్డావే! ఏం మానేశావు?" అన్నం మానేశావా, నూనె మానేశావా, రాత్రి తిండి మానేశావా... మానేసినవాటి జాబితా చెప్తే వినడానికి అందరూ రెడీ. "మానెయ్యడం ఏమీ లేదు, ఇదివరకటికంటే బాగా తింటున్నాను, బరువులెత్తుతున్నాను" అంటే మాత్రం మొహాలు వాడిపోతాయి. మా ఆడపడుచైతే "చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకులే వదినా" అని మూతి ముడుచుకుంది. సరే, ఒకసారి తీరిగ్గా కూర్చుని రాసేస్తే అడిగినవాళ్ళందరికీ ఇదే చూపించొచ్చు కదా అనిపించింది.

ముందు లెక్కలు చెప్పేస్తాను, లేకపోతే చివరిదాకా మీ మనసు అక్కడే ఉంటుంది. వయసు 48. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. బరువు అప్పుడు 74 కిలోలు, ఇప్పుడు 66. పట్టిన కాలం పద్నాలుగు నెలలు. "నెలకి పది కిలోలు గ్యారంటీ" అనే వీడియోలు చూసేవాళ్ళకి ఇది నవ్వులాటలా ఉంటుందని తెలుసు.

అయినా నేను మొదలుపెట్టింది సన్నబడదామని కాదండీ. మా అమ్మ వల్ల.

అమ్మ తెనాలిలో ఉంటుంది. కిందటేడాది బాత్రూమ్ గుమ్మం దగ్గర జారిపడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఎముకా అతుక్కుంది. కానీ అమ్మ కుర్చీలోంచి లేవలేకపోయేది. మంచం మీంచి లేవాలన్నా, కమోడ్ మీంచి లేవాలన్నా నేను చంకల కింద చేతులు వేసి ఎత్తాలి. ఎత్తిన ప్రతిసారీ "నీకెంత శ్రమ పెడుతున్నానే" అనేది. రాత్రి రెండింటికి లేపినప్పుడు కూడా ముందు ఆ మాట అని, తర్వాత చేతులు చాచేది. జీవితమంతా ఒక్కరి చేత మంచినీళ్ళ గ్లాసు తెప్పించుకోని మనిషి. ఆ రెండు నెలలూ ఆ మాట వినడం నాకు ఎత్తడం కంటే కష్టంగా ఉండేది.

ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి మా అమ్మాయికంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. ఒకరోజు అమ్మ తొడ పట్టుకుని చూసి, "ఎముక బాగానే ఉందండీ, దాన్ని నిలబెట్టే కండే లేదు" అంది. రోజూ ఏం తింటారని అడిగింది. పొద్దున కాఫీ, రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం అన్నం, పచ్చడి, మజ్జిగ. రాత్రికి మళ్ళీ మజ్జిగన్నం. "పప్పు, గుడ్డు తినరా ఆంటీ?" అంటే అమ్మ ఏమందో తెలుసా? "అవన్నీ మీ అంకుల్ గారికి వండేదాన్నమ్మా. నా ఒక్కదానికీ ఎందుకని..."

నాన్న పోయి ఆరేళ్ళయింది.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఒకరోజంతా నేనేం తిన్నానో కాగితం మీద రాశాను. అందరి బాక్సులూ సర్దాక మిగిలిన రెండు ఇడ్లీలు. పదకొండింటికి కాఫీ, మావాడు వదిలేసిన ఉప్మా (పారెయ్యడానికి చేతులు రావు కదా!). మధ్యాహ్నం అన్నం, అడుగంటిన వంకాయ కూర, చారు, మజ్జిగ. సాయంత్రం జంతికలు. రాత్రి రెండు చపాతీలు, కూర మసాలా. చూస్తే ఏముంది, అమ్మ చెప్పిన జాబితానే. కొంచెం సిటీ వేషం, అంతే.

అదే వారం రక్తపరీక్షలు చేయించాను. మూడు నెలల షుగర్ సగటు 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ వ్యాధి గుమ్మంలో ఉన్నట్టు. నడుము కొలత 96 సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్ళకి 80 దాటితేనే జాగ్రత్త పడమంటారు. డాక్టరు గారు నడవమన్నారు. నేను మూడేళ్ళుగా నడుస్తూనే ఉన్నానండీ! మా కాలనీ పార్కులో ఆరుగురం, రోజూ నలభై నిమిషాలు, నోళ్ళు కాళ్ళకంటే వేగంగా. నడక మంచిదే, ఇప్పటికీ మానలేదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ నడకలాంటి వాటితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలం వచ్చే వ్యాయామం కూడా చెయ్యమంటుంది. ఆ రెండో సగం మన పార్కులదాకా ఎందుకో రాలేదు.

వయసు పెరిగేకొద్దీ కండ మెల్లమెల్లగా కరుగుతుంది, వాడకపోతే ఇంకా తొందరగా. నెలసరి ఆగే రోజుల్లో ఈస్ట్రోజన్ తగ్గి ఎముకలూ పలచబడతాయి. బరువెత్తినప్పుడు కండరం ఎముకని లాగుతుంది, ఆ లాగుడుకి ఎముక గట్టిపడుతుంది. మనం తిన్న అన్నంలోని చక్కెరని ఎక్కువగా లాక్కునేదీ కండరాలే. అంటే నా షుగరుకీ, అమ్మ తుంటికీ మందు ఒకచోటే ఉందన్నమాట.

ఇక తిండి సంగతి. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోల ఆడమనిషికి సుమారు 46 గ్రాములు. వ్యాయామం చేసేవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ కావాలి. "మనం రోజూ పప్పు తింటాంగా" అంటారు మా వారు. రండి, లెక్కేద్దాం. మా ఇంట్లో రోజుకి చిన్న గ్లాసు కందిపప్పు, అంటే 150 గ్రాములు. వందకి 22 చొప్పున మొత్తం గిన్నెలో ఉన్నది 33 గ్రాముల ప్రొటీన్. ఇంట్లో అయిదుగురం. సమానంగా పంచుకుంటే మనిషికి ఆరున్నర. సమానంగా అన్నాను, గమనించండి. నేను తినే వేళకి గరిటె గిన్నె అడుగున గీరుతూ ఉండేది.

కాబట్టి నేను చేసిన మొదటి పని జిమ్‌లో చేరడం కాదు. పప్పు పొయ్యి మీంచి దించగానే నా వంతు చిన్న గిన్నెలోకి తీసి, మూతపెట్టి పక్కన పెట్టుకోవడం. రాస్తుంటే ఎంత చిన్న విషయం! మొదటిరోజు ఆ మూత పెడుతుంటే దొంగతనం చేస్తున్నట్టే ఉంది. అత్తయ్యగారు చూశారు. "ముందే తీసి పెట్టుకుంటున్నావా అమ్మాయ్?" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. కానీ ఆవిడ అరవై ఏళ్ళుగా ఆఖర్న తిన్న మనిషి. ఆ ఒక్క ప్రశ్నలో ఎంతుందో మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. నాలుగోరోజు మా వారు "పప్పు తక్కువ చేస్తున్నావా ఏంటి?" అన్నారు. అప్పటినుంచి గ్లాసున్నర పోస్తున్నాను. సమస్య తీరిపోయింది. ఇన్నేళ్ళూ ఆ అరగ్లాసు ఎవరు వద్దన్నారో నాకిప్పటికీ తెలీదు.

ఇప్పుడు నా తిండి ఇలా ఉంటుంది. పొద్దున రెండు పెసరట్లు (ఉప్మా లేకుండా, అయ్యో!) లేదా రెండు గుడ్లతో ఒక దోసె. మధ్యాహ్నం కప్పుతో కొలిచిన అన్నం, దానికి రెట్టింపు కూర, నా గిన్నెడు పప్పు, గట్టి పెరుగు. సాయంత్రం శనగల గుగ్గిళ్ళు. రాత్రి ఒక జొన్నరొట్టె, పనీరో గుడ్డు పొరటో, ఆదివారమైతే చికెనో చేపో. ఆవకాయ రోజుల్లో ఆవకాయన్నం కూడా తిన్నాను, పక్కన ముద్దపప్పు ఉండగా తప్పేముంది? నూనె మాత్రం నెలకి అయిదు లీటర్లు అయ్యేది, మూడుకి దించాను. మా ఎదురింటావిడ "గానుగ నూనె అయితే ఎంత పోసినా ఏంకాదు" అంటుంది. ఏ నూనెకైనా గ్రాముకి తొమ్మిది కేలరీలే తల్లీ, గానుగ ఎద్దుకి తగ్గుతాయేమో గానీ మనకి తగ్గవు.

జిమ్ సంగతికొస్తే, మా వీధి చివర పదకొండింటికి ఆడవాళ్ళ బ్యాచ్ ఉంది, నెలకి పదిహేను వందలు. నా చీటీ డబ్బులతో ఆరు నెలలకి కట్టేశాను. "ఇంట్లో ఇంత చాకిరీ చేస్తావు, దాన్ని మించిన ఎక్సర్‌సైజు ఏముంటుంది?" అన్నారు మా వారు. ఆయన మంచిగానే అన్నారు. చాలామంది ఇళ్ళల్లో ఇదే మాట కాబట్టి జవాబు రాస్తున్నాను. ఇంటిపని అలసట ఇస్తుంది, బలం అంతగా ఇవ్వదు. ఇరవై ఏళ్ళుగా అదే కుక్కరు, అదే బకెట్టు. ఒంటికి అలవాటైపోయిన బరువు కొత్త కండని పుట్టించదు. ఇవాళ అయిదు కిలోలు తేలిగ్గా లేస్తే రెండు వారాలకి ఆరు ఎత్తాలి, తర్వాత ఏడున్నర. ఆ పెంచుకుంటూ పోవడంలోనే ఉంది కిటుకంతా. పైగా మధ్యలో ఒకరోజు విశ్రాంతి ఇవ్వాలి. ఇంటిపనికి ఆదివారం కూడా లేదాయె.

అత్తయ్యగారి భయం వేరు. "ఆడవాళ్ళకి బరువులేంటి, గర్భసంచి జారుతుంది" అన్నారు. నిజంగానే ఆ సమస్య ఉన్నవాళ్ళూ, ఆపరేషన్లు అయినవాళ్ళూ, బీపీ అదుపులో లేనివాళ్ళూ డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. నేనూ అడిగే మొదలుపెట్టాను. అత్తయ్యగారికి మాత్రం 2000 సంవత్సరం గుర్తుచేశాను. సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. అప్పుడు నేను కొత్తకోడల్ని. టీవీ ముందు "మన శ్రీకాకుళం పిల్లే!" అని అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఈవిడే. "ఆవిడ వేరు, నువ్వు వేరు" అన్నారు. అదీ నిజమే.

మొదటి నెల బరువే ఇవ్వలేదు. కుర్చీ అంచున కూర్చుని లేవడం, గోడకి చేతులు ఆనించి తొయ్యడం. అమ్మ చేత చేయించినవే! తర్వాత రెండేసి కిలోల డంబెల్స్. తర్వాత నేల మీంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్, పది కిలోలతో. నడుము వంచడం వేరు, తుంటి దగ్గర మడవడం వేరు అని నేర్చుకోడానికే మూడు వారాలు పట్టింది. ఇప్పుడు 45 కిలోలు అయిదుసార్లు ఎత్తుతాను. మగాళ్ళలా కండలేమీ రాలేదు. మనకి ఆ హార్మోను అంత ఉండదు. జాకెట్టు చేతులు బిగుతవుతాయేమో అనుకున్నాను, టైలరు రెండుసార్లు లోపలికి కుట్టాడు.

మధ్యలో మూడు నెలలు 70 దగ్గర ముల్లు కదలనే లేదు. పెళ్ళిళ్ళ నెలలో కిలోన్నర పెరిగాను కూడా. కానీ ఆ కదలని మూడు నెలల్లోనే నడుము మూడు సెంటీమీటర్లు తగ్గింది, మెట్లెక్కుతుంటే మోకాళ్ళు మాట్లాడటం మానేశాయి. ఇప్పుడు నడుము 87, షుగర్ సగటు 5.8. ఇంకా గుమ్మం దాటి బయటికి రాలేదు, కానీ మొహం బయటికే ఉంది.

ఆమధ్య బియ్యం బస్తా వచ్చినప్పుడు లిఫ్ట్ దగ్గర్నుంచి వంటింటిదాకా నేనే మోసుకొచ్చాను. ఇప్పుడు బస్తా 26 కిలోలు, తెలుసుగా? 2022లో ప్యాక్ చేసిన 25 కిలోల దాకా జీఎస్టీ వేశారు, వ్యాపారులు ఇంకో కిలో పోసి తప్పించుకున్నారు. నాకు మాత్రం ఒక కిలో పెరిగింది. మా వాచ్‌మన్ "అమ్మా, అమ్మా" అంటూ వెనకే పరిగెత్తుకొచ్చాడు పాపం.

అమ్మ ఇప్పుడు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఆరుసార్లు లేస్తుంది. గుడ్డు "డాక్టరు రాసిన మందు" అని చెప్పాం కాబట్టి రోజూ తింటోంది.

అత్తయ్యగారికి 78. అమ్మ సంగతి విన్నప్పటినుంచి సీరియల్ మధ్యలో ప్రకటనలు రాగానే ఆవిడా కుర్చీలోంచి లేచి కూర్చుంటున్నారు. జారుతుందేమోనని కుర్చీని గోడకి ఆనించి పెట్టాను. పప్పు దించగానే ఆవిడకీ ఒక గిన్నె తీసి మూతపెడుతున్నాను, ఏమీ అనడం లేదు. ఒక్కో ప్రకటనకి పదిసార్లు లేచానంటారు. వంటింట్లోంచి నేను లెక్కపెట్టినప్పుడల్లా ఏడే వస్తోంది.