సస్తా బాజా, మహంగా సుర్

మా ఇబ్రహీంపట్నంలో కరెంటుతో మోగే ప్రతి మెట్ల పెట్టెకూ ఒకటే పేరు, క్యాషియో. దాని మీద యమహా అని రాసి ఉన్నా, రోలాండ్ అని రాసి ఉన్నా మావాళ్ళకది క్యాషియోనే. వనస్పతిని డాల్డా అన్నట్టు. షాదీ బేరం మాట్లాడేటప్పుడు "క్యాషియోవాలా ఆతా క్యా?" అని ముందే అడిగేస్తారు.

సంగీతం జాయెజా, నాజాయెజా అన్న బహస్ ఇక్కడ ఎత్తడం లేదు. అది ఉలమా చూసుకునే మసలా. దఫ్ ఒక్కటి చాలనుకునే ఇళ్ళున్నాయి, అదీ వద్దనుకునే ఇళ్ళూ ఉన్నాయి. నేను మాట్లాడేది బాజా పెట్టించే ఇళ్ళ గురించి, ఆ బాజా మీద బతికే వాళ్ళ గురించి. మా చుట్టుపక్కల వాయించే వాళ్ళను ఈ పెట్టె గురించి అడుగుతూ వచ్చాను. ఒకరు దువా ఇచ్చారు, ఒకరు షికాయత్ చేశారు. ఒకాయన రెండూ చేశాడు.

అసలు క్యాషియో అన్నది ఒక ఇంటిపేరు. జపాన్‌లో కషియో అన్నదమ్ములు నలుగురు లెక్కల మిషన్లు చేసేవాళ్ళు. 1957లో క్యాలిక్యులేటర్ అమ్మారు, 1980లో క్యాషియోటోన్ 201 అనే కీబోర్డు తెచ్చారు. అప్పట్లో మంచి సింథసైజర్ అంటే నవాబుల సామాను. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 ధర రెండు వేల డాలర్ల దాకా ఉండేది. మరుసటి ఏడే క్యాషియో సీజెడ్-101 వచ్చింది, ఐదు వందల డాలర్లకు లోపే. 49 మెట్లు, అవీ పిల్లల వేళ్ళకు సరిపోయేంత చిన్నవి. బొమ్మ అని నవ్వినవాళ్ళు ఉన్నారు, దాన్నే స్టూడియోకు తీసుకెళ్ళి పాటలు చేసినవాళ్ళూ ఉన్నారు. అంటే ఈ రెండు మాటలూ మా ఊళ్ళో పుట్టినవి కావు.

సస్తా పెట్టె ఎంత దూరం పోగలదో జమైకాలో తేలింది. ఎంటీ-40 అనే చిన్న క్యాషియోలో ఒక బటన్ నొక్కితే ఒక తాళం దానంతటదే మోగుతుంది. దాన్ని తయారుచేసింది ఆ కంపెనీలో పనిచేసే హిరోకో ఒకుడా అనే అమ్మాయి. 1985లో జమైకా కుర్రాళ్ళు ఆ తాళం మీద ఒక పాట కట్టారు. ఆ దేశపు సంగీతం ఆ తర్వాత దారే మార్చుకుంది. ఆర్కెస్ట్రా పెట్టుకునే పైసలు లేని వాళ్ళ చేతిలో ఆ పెట్టే ఆర్కెస్ట్రా అయింది.

మా గల్లీలో వెల్డింగ్ పనికి పోయే ఒక కుర్రాడిదీ దాదాపు అదే కథ. వాళ్ళమ్మ చిట్టీ ఎత్తి ఇచ్చిన పద్నాలుగు వేలతో సెకండ్ హ్యాండ్ కీబోర్డు కొన్నాడు. ఒకటే గది ఇల్లు, ఐదుగురు మనుషులు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, అందరూ నిద్రపోయాక రియాజ్ చేసేవాడు. "హార్మోనియం అయితే అబ్బా మొదటి రాత్రే బయటికి విసిరేసేవారు భాయీజాన్" అని నవ్వుతాడు. గాయకుడు కాలీ ఏక్‌లో పాడతానన్నా, సఫేద్ దోలో పాడతానన్నా వాడికి ఫికర్ లేదు. తనకు వచ్చిన ఒక్క పట్టీలోనే వాయిస్తాడు, ట్రాన్స్‌పోజ్ బటన్ మిగతా పని చూసుకుంటుంది. ఉస్తాద్ ముందు కూర్చునే నసీబ్ లేని పిల్లవాడికి ఆ బటనే ఉస్తాద్ అయింది. ఇప్పుడు షాదీల సీజన్‌లో వారానికి రెండు ప్రోగ్రాములు. చిట్టీ తీరింది. చెల్లెలు కాలేజీకి పోతోంది.

కానీ అదే కుర్రాడు ఆ పెట్టె ఎన్నిసార్లు ఏడిపించిందో కూడా చెప్పాడు. మెట్ల కింద రబ్బరు పట్టీ ఉంటుంది, దుమ్ము పడితే మెట్టు మూగదవుతుంది. ఒక బారాత్‌లో సరిగ్గా 'సా' మెట్టే పోయింది. సా లేకుండా పాట ఎలా నడుస్తుంది? అప్పటికప్పుడు ట్రాన్స్‌పోజ్ నొక్కి ఇంకో మెట్టును సా చేసుకున్నాడు. జెనరేటర్ కరెంటు ఎగిరిపడితే పెట్టె మధ్యలో ఆగిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది, సరిచేసుకున్న టోన్లన్నీ పోతాయి. అందుకే కోఠీకి పోయి రబ్బరు పట్టీలు, అడాప్టరు ఎక్స్‌ట్రా కొని సంచీలో పెట్టుకున్నాడు. "సస్తాది కొన్నవాడు రిపేరు కూడా నేర్చుకోవాలి" అంటాడు.

ఇక చాచా సంగతి. బ్యాండ్‌లో ముప్ఫై ఏళ్ళు క్లారినెట్ ఊదిన మనిషి. ఒకప్పుడు వాళ్ళ మేళంలో పదకొండు మంది. క్లారినెట్‌లు, ట్రంపెట్‌లు, పెద్ద డోలు, సైడ్ డ్రమ్ములు. ఇప్పుడు ఒక బండి, ఒక జెనరేటర్, రెండు స్పీకర్లు, ఒక క్యాషియో, ఒక ప్యాడ్, ఒక గాయకుడు. ముగ్గురితో బారాత్ అయిపోతుంది.

1991లో జనరల్ మిడీ అని ఒక కాయదా వచ్చింది. ఏ కంపెనీ పెట్టె అయినా 128 ఆవాజులు ఒకే వరుసలో ఉండాలని. అందులో క్లారినెట్ 72, సితార్ 105, షెహనాయి 112. వెల్డింగ్ కుర్రాడు ఇది చూపిస్తే చాచా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాతో అన్నాడు: "ముప్ఫై సాల్ ఊదినా బేటా. ఆఖరికి నేను బహత్తర్ నంబరా?"

పెట్టెలో ఉన్న 72లో ఊపిరి లేదని చాచా వాదన. అది నిజమే. చవక కీబోర్డుల్లో కొన్నింటికి మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా ఒకటే ఆవాజ్. ఒక సుర్ నుంచి ఇంకో సుర్‌కు జారే మీండ్ మెట్ల మీద రాదు. పక్కనున్న చక్రం తిప్పి కొంత తేవచ్చు, కానీ దానికీ రియాజ్ కావాలి. అరబ్ షాదీల కోసం పావు సుర్‌లు పలికే మోడళ్ళు, మన దేశం కోసం తబలా, డోలక్ నింపిన మోడళ్ళు కంపెనీలు అమ్ముతూనే ఉన్నాయి. సామాను పెట్టెలో దొరుకుతుంది. దాన్ని పాటలో పెట్టేది మాత్రం చెయ్యే.

ఖవ్వాలీ పార్టీలో హార్మోనియం వాయించే ఒక పెద్దాయన ఉన్నాడు. ఉర్సుల్లో హార్మోనియమే వాయిస్తాడు, ఫంక్షన్ హాల్లో క్యాషియో. దువా, షికాయత్ రెండూ చేసిన మనిషి ఈయనే. "మా పేటీని కూడా ఒకప్పుడు ఫిరంగీ సామాను అన్నారు. రేడియోలో మోగనివ్వలేదు" అన్నాడు. అదీ నిజమే. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని బంద్ చేసింది, మళ్ళీ తలుపు తెరిచేసరికి 1971. మీండ్ పలకదు, రాగాల సన్నని శ్రుతులు పలకవు అన్నారు. ఈ రోజు క్యాషియో మీద పెట్టే ఇల్జామే. అదే హార్మోనియం లేకుండా ఇవాళ ఖవ్వాలీని ఊహించుకోగలమా? "పెట్టె మీద నాకు కోపం లేదు. నలుగురి మెహనతానా ఒకరికి ఇచ్చి నలుగురి పని చెయ్యమంటారు చూడు, దాని మీద కోపం" అన్నాడాయన.

నాకు ఆ మాట దగ్గర అసలు విషయం దొరికింది. చాచా ఇంట్లో కూర్చోవడానికి జపాన్ వాళ్ళు కారణం కాదు. "ముగ్గురితో అవుతుంటే పదకొండు మంది ఎందుకు?" అని అడిగింది మన ఇళ్ళే. దావత్‌లో ఇంకో రకం మీఠాకు వెనకాడని చెయ్యి బాజా దగ్గరికి వచ్చేసరికి ముడుచుకుంటుంది. ఎ.ఆర్. రహమాన్ చిన్నప్పుడే తండ్రి పోతే, తండ్రి వదిలివెళ్ళిన వాద్యాలు కిరాయికి ఇచ్చి ఆ ఇల్లు నడిచింది. అంటే ఒకే పెట్టె ఒక ఇంట్లో పొయ్యి వెలిగించగలదు. ఎవరి ఇంట్లో వెలుగుతుందో, ఎవరి ఇంట్లో ఆరుతుందో బేరమాడే వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఉర్దూ మీడియంలో నేను వాద్యాన్ని సాజ్ అని చదువుకున్నాను. ఘడీసాజ్ అన్నప్పుడు అదే సాజ్‌కు చేసేవాడు అని మానీ. పేరులో మనిషీ, వస్తువూ ఒకచోటే ఉన్నారు. బిల్లులో మాత్రం వస్తువునే లెక్కపెడుతున్నాం.

మొన్న మా బంధువుల షాదీకి ఆ కుర్రాడిని మాట్లాడేటప్పుడు, చాచాను కూడా తెమ్మన్నాను, ఆయన పైసలు వేరుగా ఇస్తామని. రిహార్సల్ కోసం ఇద్దరూ రెండు సాయంత్రాలు కూర్చున్నారు. వాడు 72 నంబర్ బంద్ చేసి కింద తాన్‌పూరా టోన్ పట్టుకున్నాడు, పైన చాచా ఊదాడు. అదనంగా అయింది పదిహేను వందలు. మీ ఇంట్లో వచ్చే షాదీకి బాజా మాట్లాడేటప్పుడు ఎంత అని అడిగే ముందు, ఎంతమంది వస్తున్నారని ఒకసారి అడిగి చూడండి.