విషం దిగింది, భయం దిగలే

పాముకాటు తిని బతికి బయటపడ్డోళ్ళు ప్రతి ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఉంటరు. "విషం దిగిందా?" అని అందరం అడుగుతం. "నిద్ర పడుతుందా?" అని ఎవరం అడగం. ఈ పోస్టు ఆ రెండో ప్రశ్న గురించి.

పోయిన వానాకాలం వరి గట్టు మీద నన్ను రక్తపింజర కరిచింది. ఆసుపత్రిల సూదిమందు ఎక్కించిన్రు, కాలు నిలిచింది. కానీ ఇంటికొచ్చినాక చీకటి పడితే మోటరు కాడికి పోవడానికి కాళ్ళు కదలకపోయేవి. నేల మీద పైపు ముక్క కనిపించినా గుండె దడదడ. రాత్రి కంటి మీద కునుకు లేదు. మా బావ "నిద్ర గోలీ ఏసుకోరాదు, నేను రెండేండ్ల సంది ఏసుకుంటలేనా" అన్నడు. మంచికే చెప్పిండు. నేను మాత్రం ముందు డాక్టరు సారును అడిగిన. ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివిందీ కలిపి రాస్తున్న.

భయం పోవడమంటే చెరిగిపోవడం కాదట. రష్యాలో పావ్లోవ్ అనే శాస్త్రవేత్త కుక్కలకు ఒక చప్పుడు వినిపించి తిండి పెట్టేవాడు. కొన్నాళ్ళకు చప్పుడుకే వాటి నోరు ఊరేది. తిండి లేకుండా ఒట్టి చప్పుడే వినిపిస్తూ పోతే ఊరడం ఆగింది. కొంత విరామం ఇచ్చి వినిపిస్తే మళ్ళీ ఊరింది. పాతది ఎటూ పోలేదు, దాని మీద కొత్త పాఠం పడిందంతే. మన తుంగ లెక్క. పైన కోసినా గడ్డ లోపలే ఉంటది, పైరు గుబురుగా ఎదిగి నీడ కమ్మితే అణిగి ఉంటది.

"అదే గట్టు, ఇయ్యాల ఏం కాలే" అనే ఆ కొత్త పాఠం మెలకువలో నేర్చుకుంటం. అది మెదడులో గట్టిపడడానికి నిద్ర కావాలి. కలలొచ్చే నిద్రకు ఇందులో పాత్ర ఉందని పరిశోధకులు అంటరు. అల్ప్రాజోలం, డయాజిపాం లాంటి గోలీలు తొందరగా పండబెడతయి గానీ గాఢనిద్రనూ, కలల నిద్రనూ తగ్గిస్తయి.

ఇంకో చిక్కుంది. గోలీ ఏసుకొని గట్టెక్కితే ధైర్యం గోలీ ఖాతాల పడుతది. ఇల్లు దాటి బయటికి పోవాలంటేనే భయపడే 150 మందికి పైగా మనుషుల మీద లండన్, టొరంటో డాక్టర్లు చేసిన పరీక్ష 1993లో అచ్చయింది. కొందరికి అల్ప్రాజోలం ఇచ్చిన్రు, కొందరిని భయపడే చోటికే మెల్లమెల్లగా పంపిన్రు, కొందరికి రెండూ. గోలీ నడిచినన్నాళ్ళు తిన్నోళ్ళు బాగైనట్టే కనిపించిన్రు. ఆపినాక ఆ మేలు కరిగిపోయింది. గోలీ లేకుండా పోయి నేర్చుకున్నోళ్ళకు నిలిచింది.

సారు నాకు గోలీ రాయలే. ముందు మిట్టమధ్యాహ్నం గట్టు మీదికి పొమ్మన్నడు, కొన్నాళ్ళకు పొద్దుగూకే యాళ్ళకు, ఆ తర్వాత చీకట్ల. భయమేసిన వెంటనే వెనక్కి రావద్దు, దడ తగ్గేదాక అక్కడే నిలబడాలి. ఆ రాత్రి నిద్ర చెడగొట్టుకోవద్దు. సాయంత్రం చాయ్ బంద్, మంచం మీద ఫోన్ బంద్. మొదటి వారం అంతా దండగ అనిపించింది. రెండు నెలలకు ఒక్కడినే పోయి మోటరు ఏసి వచ్చిన. బూట్లు, టార్చిలైటు, చేతిల కట్టె ఎప్పుడూ ఉంటయి. అవి లేకుండా పోయే ధైర్యం రైతుకు అక్కరలేదు. ఇప్పటికీ గడ్డి కదిలితే ఒళ్ళు జలదరిస్తది, తుంగ గడ్డ లోపల ఉంది కదా.

ఇప్పటికే గోలీలు వాడుతున్నోళ్ళు ఇది చదివి రేపే ఆపెయ్యకండి. కల్తీ కల్లుల కలిపేది కూడా ఈ జాతి మందులే. అది ఒక్కసారి దొరకకుండా పోతే మనుషులు ఫిట్స్ వచ్చి, వింతగా ప్రవర్తించి ఆసుపత్రి పాలైన సంగతి మన జిల్లాలకు తెలిసిందే. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించాలి. సర్కారు వాళ్ళ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతరు. మా బావకు చీటీ మీద రాసిచ్చిన. జేబుల పెట్టుకున్నడు, ఇంకా చెయ్యలే.