విశాఖ నుండి ఇచ్ఛాపురానికి సైకిల్ యాత్ర

పుణ్యం కోసం యాత్రలు చేసేవారున్నారు, వినోదం కోసం చేసేవారున్నారు. 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారంలో, మేము ఆరుగురం విశాఖపట్నం నుండి ఇచ్ఛాపురం వరకు సైకిళ్లపై చేసిన యాత్ర మాత్రం ఒక పొరపాటును దిద్దుకోవడానికి చేసినది.

మాకు పని నేర్పిన సీనియరు ఒకరున్నారు. అందరం గురువుగారని పిలుస్తాం. లాగ్‌బుక్కులో ఆయన చేతివ్రాత ముత్యాల వరుసలా ఉండేది. ఉద్యోగ విరమణకు ముందు రెండేళ్లలో అది చీమల బారులా చిన్నదైపోయింది. నడక మందగించింది. ముఖంలో నవ్వు మాయమైంది. "ఇక వెళ్లిపోయేవారు కదా, శ్రద్ధ తగ్గింది" అని చాటున అనుకున్నాం. అవన్నీ పార్కిన్సన్ వ్యాధి లక్షణాలని, చేయి వణకడం ఒక్కటే గుర్తు కాదని, న్యూరాలజిస్టు చెప్పేదాకా మాకు తెలియదు. మెదడులో డోపమిన్‌ను తయారుచేసే కణాలు క్షీణించడం దీనికి మూలం. లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే దీనిని వర్ణించాడు.

సైకిలే ఎందుకని కొందరు అడిగారు. నడవబోతే అడుగు పడని ఒక రోగి సైకిలు మాత్రం చక్కగా తొక్కగలిగాడని నెదర్లాండ్స్ వైద్యులు 2010లో ప్రకటించారు. అమెరికా శాస్త్రవేత్త జే ఆల్బర్ట్స్ 2003లో ఒక రోగితో కలిసి జంట సైకిలుపై అయోవా రాష్ట్రాన్ని దాటినప్పుడు, ఆమె చేతివ్రాత మెరుగుపడటం గమనించాడు. అది చదవగానే మాకు లాగ్‌బుక్కు గుర్తుకువచ్చింది. వైద్యుని అనుమతి తీసుకొని, రెండు పాత సైకిళ్లను కలిపి వెల్డింగు చేయించి, గురువుగారిని వెనుక సీటులో కూర్చోబెట్టాం. సహోద్యోగులు కిలోమీటరుకు రూపాయి చొప్పున తలకు 250 రూపాయలు ఇచ్చారు. ఆ సొమ్ము మందులు కొనలేని రోగులకు.

వేకువన సాగరతీరం విడిచి, మధురవాడ కొండలు దాటి, పొగమంచులో భోగాపురం చేరాం. రణస్థలం టీ దుకాణంలో కరపత్రం చదివించుకున్న ఒక వృద్ధుడు చాలాసేపు మౌనంగా ఉండి, "మా యమ్మకీ ఇలాగే సేతులు వణికీవి బాబూ. పెద్దతనం అనుకున్నాం" అన్నాడు. ఆయనకు చెప్పవలసిన సమాధానం మా వద్ద లేదు. మేమూ అలా అనుకున్నవారమే.

ఆ రాత్రి శ్రీకాకుళంలో బస. మరునాడు మడపాం వద్ద వంశధార దాటి, టెక్కలి మీదుగా పలాస చేరాం. వేళకు మాత్ర వేయమని అమ్మగారు చీటీ వ్రాసి ఇచ్చారు. అది ఎంత అవసరమో దారిలో తెలిసింది. మాత్ర వేళ దాటితే వెనుక పెడలు బరువెక్కేది. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే స్త్రీలు కరపత్రాన్ని శ్రద్ధగా విన్నారు. వేళ్ల నేర్పే జీవనాధారమైన వారికి వేళ్లు మొరాయించడం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు.

మూడవనాడు ఎడమవైపు మహేంద్రగిరిని చూస్తూ, సోంపేట దాటి, మధ్యాహ్నానికి ఇచ్ఛాపురం చేరాం. అంతదూరం పెడలు తొక్కిన గురువుగారు, సైకిలు దిగి బస చేయవలసిన ఇంటి గడప ముందు శిలలా నిలిచిపోయారు. కాలు కదలలేదు. మాలో ఒకరు సుద్దముక్కతో నేలపై అడ్డగీతలు గీశారు. ఒక్కొక్క గీతను దాటుతూ ఆయన లోపలికి నడిచారు. ఇది వైద్యులు చెప్పిన ఉపాయమే.

సాయంత్రం యాత్ర పుస్తకం ఆయన ముందుంచాం. "ఇచ్ఛాపురం, 250 కి.మీ." అని వ్రాశారు. మొదటి అక్షరం పెద్దది, చివరిది ఆవగింజంత. సైకిలు వ్యాధిని నయం చేయలేదు, చేస్తుందని ఎవరూ చెప్పలేదు. కాని ఈసారి ఆ చిన్న అక్షరాన్ని మేము సరిగా చదివాం.

మీ ఇంట్లోగాని, పక్క టేబులు వద్దగాని ఎవరి వ్రాతయినా చిన్నదవుతుంటే, నడక మందగిస్తుంటే, సోమరితనమనో వయసనో తేల్చివేయకండి. ఒకసారి వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లండి.